డాక్టరమ్మ చెప్పిన రొట్టె

"బ్యాగు విప్పు. ఎక్కడికి పోయేది లేదు."

మజీదా ఆ మాట కోపంగా కూడా అనలేదు. గ్యాస్ పొయ్యి తుడుచుకుంటూ, పాలు వేడి చెయ్యమన్నంత మామూలుగా అన్నది. రుక్సార్‌కు అందుకే ఎక్కువ భయం వేసింది. కోపమైతే సాయంత్రానికి చల్లారుతుంది. ఇది చల్లారే రకంలా లేదు.

పొద్దున్నే రక్తం రిపోర్టు వచ్చింది. పోయిన నెల తొమ్మిదున్నది ఎనిమిదికి దిగింది. పదికి వస్తేనే కోడలిని కాన్పుకు పుట్టింటికి పంపుతానని మజీదా అందరి ముందూ మాటిచ్చింది. ఆ మాట నమ్మి రుక్సార్ తల్లి ఖాసింబీ ఈ సాయంత్రమే షాద్‌నగర్ నుంచి వస్తోంది. రుక్సార్ నిన్ననే బట్టలు సర్దుకుని, జిప్పు కూడా లాగి, బ్యాగును మంచం పక్కన పెట్టుకుంది.

"అమ్మ బయల్దేరనీకి తయారైతుంటది, అమ్మీ," అన్నది రుక్సార్. కన్నతల్లి ఆమెకు అమ్మ. అత్త అమ్మీ.

"రానీ. మంచిగ వండిపెడ్త, తిని పోతది. ఎనిమిది రక్తంతోని నిన్ను బస్సెక్కియ్యాల్నా? తొవ్వల ఏమన్న అయితే ఎవరి మీదికొస్తది?"

"అక్కడ మా అమ్మ మంచిగ తినిపిస్తది..."

ఆ మాట అనకుండా ఉండాల్సింది. మజీదా చేతిలో గుడ్డ ఆగిపోయింది.

"అంటే? ఇక్కడ నేను తినిపిస్తలేనా?"

రుక్సార్ నాలిక కరుచుకుంది. ఈ ఇంట్లో ఏడాదిన్నరగా ఆమె బాగా నేర్చుకున్నదేమైనా ఉంటే అది నాలిక కరుచుకోవడమే.

"నెల రోజుల సంది పొద్దున, సాయంత్రం, డాక్టరమ్మ ఏం చెప్పిందో గదే పెడ్తున్న. రొట్టె, జాం. రొట్టె, జాం. అంచులు గట్టిగుంటయని చాకుతోని కోసి, మెత్తటిది నీకు పెట్టి, ఆ అంచులు నేను తింటున్న. నా కడుపున పుట్టిన దానికి గూడ గింత సేవ చెయ్యలే. అయినా రక్తం దిగిందంటే ఏంది దానర్థం? నువ్వు తింటలేవ్."

"తింటున్న, అమ్మీ."

"మరి మిద్దె మీద పిల్లికి ఏసిందెవరు?"

రుక్సార్ చూపు దించుకుంది. నిన్న ఒక్క ముక్క. ఒక్కటంటే ఒక్కటే. జాం తీపి గొంతులోనే నిలబడి, వాంతి వస్తుందేమోనని, మిద్దె మీద తిరిగే బూడిదరంగు పిల్లి ముందు పెట్టింది. ఆ పిల్లి కూడా జాం నాకి రొట్టె వదిలేసింది. ఆ వదిలేసిన రొట్టే ఇప్పుడు సాక్ష్యమై కూర్చుంది.

"ఒక్క ముక్కనే..."

"ఒక్కటి నాకు కనవడ్డది. కనవడనియ్యి ఎన్నో!"

మజీదా గుడ్డను పిండి తాడు మీద ఆరేసింది. బ్యాగు విషయం ఆమె వరకు అయిపోయింది.

అయిపోనిది మామ ఖయ్యూంకు. వీధి వైపు బేకరీ, వెనక ఇల్లు, మీద ఒక గది. గోడ అవతల నుంచి సంగతి విని, మోచేతుల దాకా మైదాతో ఆయన లోపలికి వచ్చాడు. కోడలి రక్తం దిగిందన్న బాధ కంటే, తన సరుకు తిని దిగిందన్న బాధ మొహంలో ఎక్కువ కనబడుతోంది.

"నా డబల్ రొట్టె తిని రక్తం తగ్గుడేంది? హుస్సేనీ ఆలం బస్తీల ఎవరికి జ్వరమొచ్చినా నా దుకాణానికే గద వస్తరు! దవాఖానకు పోయేటోడు ఎవడన్న నా రొట్టె పాకీటు లేకుండ పోతడా? మా అబ్బా కాలం నుంచి బీమారోల్లు నా రొట్టె, పాలు తినే లేచి కూసున్నరు!"

ఆయన చెప్పిందాంట్లో అబద్ధం లేదు. పేషెంటును చూడబోయేవాళ్లు రొట్టె ప్యాకెట్టు కొనుక్కుని పోవడం ఈ ఊళ్లో అందరికీ అలవాటే. అది మందు కాబట్టి కొంటున్నారని ఖయ్యూం నమ్మకం. చేతులూపుకుంటూ పోలేక కొంటున్నారని ఆయనకెవరూ చెప్పలేదు.

"రొట్టె మంచిదే, అబ్బా. కాని భాభీకి కావల్సింది అది కాదు."

ఆ మాట అన్నది అలీనా, ఖయ్యూం ఆఖరి బిడ్డ. ఇంటర్ చదువుతోంది. కాలేజీకి పోతూ పోతూ భుజాన సంచీతో గుమ్మంలో ఆగింది. రుక్సార్‌కు ఈ ఇంట్లో కాస్త ఊపిరాడేది ఈ పిల్ల దగ్గరే.

"నువ్వెప్పుడు డాక్టరైనవే?" అన్నాడు ఖయ్యూం.

"డాక్టర్ కానక్కర్లే. ఫోన్ల చూస్తే తెలుస్తది." అలీనా సంచీలో చెయ్యి పెట్టి, ఒకవైపు కొరికిన జామకాయ తీసి తండ్రి ముందు పెట్టింది. పక్కన ఒక రొట్టె ముక్క పెట్టింది. "రెండు సమానం తూకమనుకోండ్రి. బలం లెక్కల రొట్టెదే పైచెయ్యి, ఒప్పుకుంట. ఈ కాయకు నాలుగింతలు. ప్రొటీన్ గూడ రొట్టెలనే ఎక్కువ."

"శాబాష్!" ఖయ్యూం మీసం దువ్వుకోబోయి చేతికి పిండి ఉందని గుర్తొచ్చి మానేశాడు.

"కాని విటమిన్ సి రొట్టెల సున్నా. దీంట్ల నారింజపండు కంటె ఎక్కువ. పీచు రొట్టె కంటె డబల్."

"పీచు తిననీకి మనమేమన్న బర్రెలమా? రొట్టె తింటే కడుపు నిండుతది. ఇది తింటే పండ్ల సందుల గింజలిరుకుతయి. నా రొట్టె కవర్ మీద అన్ని అచ్చేసి ఉంటయి. దీని మీద ఏం రాసున్నది?"

"రక్తానికి కావల్సింది ఐరన్ గద," అన్నది మజీదా. పొయ్యి వైపు తిరిగి ఉంది, ఇంకా కాయను చూడలేదు. "అదెంతున్నదో చెప్పు."

"రొట్టెల కొంచెం. దీంట్ల ఇంకా తక్కువ."

"మరింకేంది లొల్లి!"

"అదే చెప్తున్న అమ్మీ. ఐరన్ గోలీల ఉన్నది. గోలీ ఒంటికి పట్టాల్నంటె విటమిన్ సి తోడుండాలె. భాభీకి నువ్వు చాయ్‌ల రొట్టె ముంచి పెడ్తున్నవ్, ఆ చాయ్‌తోనే గోలీ మింగిపిస్తున్నవ్. చాయ్ గోలీని పట్టనియ్యది. ఆకుకూర, పప్పు, దాంతోని ఈ కాయ..."

మజీదా అప్పుడు తిరిగి చూసింది.

ఒక్క అంగలో వచ్చి జామకాయను లాక్కుని కిటికీలోంచి గల్లీలోకి విసిరేసింది. ఎవరి స్కూటర్‌కో తగిలిన చప్పుడైంది. 

"ఇది నా ఇంట్లకెట్ల వచ్చింది? కడుపుతోని ఉన్న పిల్ల ముంగట!"

"అమ్మీ, నేను తిననీకి..."

"దీని పేరు గూడ ఎత్తద్దని ఎన్నిసార్లు చెప్పిన?"

మజీదా కిటికీ తలుపు మూసి గడియ పెట్టింది. అది కోపం కాదని రుక్సార్‌కు తెలుసు. రుక్సార్ భర్త తౌఫీఖ్ పుట్టకముందు మజీదాకు ఒక మగబిడ్డ. ఏడో నెలలో, ఇలాంటి చలికాలమే, ఉప్పూ కారం అద్దుకుని ఇష్టంగా జామకాయలు తిన్నది. రెండు రోజులకు దగ్గు పట్టుకుంది. దగ్గీ దగ్గీ నొప్పులొచ్చాయి. ఆ బిడ్డ ఏడవనే లేదు. దగ్గు దేనివల్ల వచ్చిందో దేవుడికెరుక. మజీదా మాత్రం కాయ వల్లే అనుకుంది. అప్పటి నుంచి ఈ ఇంట్లోకి ఆ కాయ రాలేదు, దాని పేరూ రాలేదు. గల్లీలో జామకాయలమ్మే కృష్ణమ్మ కూడా మలుపు దగ్గరే కేకేసి, ఈ గడప ముందు నోరు మూసుకుని దాటిపోతుంది.

"సర్దీ చేస్తది. నీకేం ఎరుక," అన్నది మజీదా కూతురితో. కళ్లు కొంగుతో ఒత్తుకుంది. "నాకెరుక."

 అలీనా సంచీ సర్దుకుని కాలేజీకి పోయింది. ఖయ్యూం బేకరీలోకి పోయాడు. మజీదా రొట్టె అంచులు కోసి, జాం పూసి, పళ్లెం రుక్సార్ చేతికిచ్చింది.

"మీదికి పోయి తిను. బ్యాగు విప్పు."

బ్యాగు విప్పలేదు. పళ్లెం ఒళ్లో పెట్టుకుని మంచం మీద కూర్చుంది రుక్సార్. నాలుగు మెట్లెక్కినా ఆయాసం వస్తోంది. పొద్దున లేస్తే కళ్ల ముందు నల్లగా తిరుగుతోంది. ఇలాగే ఉంటే కాన్పు నాటికి కష్టమని, రక్తం ఎక్కించాల్సి రావచ్చని డాక్టరు మనస్విని పోయిన నెలే చెప్పింది. అమ్మ దగ్గరికి పోతే బతుకుతానని రుక్సార్‌కు గట్టి నమ్మకం. పోవాలంటే రక్తం పెరగాలి. పెరగాలంటే ఈ ఇంటి తిండి మారాలి. అది మారాలంటే ఇల్లు దాటాలి. ఏ వైపు నుంచి ఆలోచించినా చివరికి ఒళ్లోని పళ్లెమే కనబడుతోంది. అమ్మకు ఫోన్ చేద్దామంటే ఫోన్ కూడా అత్త దగ్గరే ఉంది. కడుపులో బిడ్డకు మంచిది కాదని తీసి పెట్టుకుంది.

తౌఫీఖ్ వచ్చాడు. తెల్లవారుజాము నుంచి రొట్టెలు కాల్చే భట్టీ ముందు నిలబడ్డ మనిషి, కళ్లు ఎర్రగా ఉన్నాయి. మంచివాడే. తల్లి ముందు, తండ్రి ముందు, భార్య ముందు ఒకేసారి మంచివాడుగా ఉండాలని చూస్తాడు. దాంతో ఎవరికీ పనికిరాకుండా పోతున్నాడు.

"అమ్మీతోని ఎందుకు లొల్లి, రుక్సార్? జర ఓపిక పట్టు."

"నేనేం లొల్లి పెట్టిన? ఎప్పుడన్న నోరు లేపిన్నా?"

"పిల్లికి ఏసినవంట గద."

"నీకు గూడ పిల్లి ముచ్చటనే దొరికిందా? నాకు రొట్టె వద్దు. అది చూస్తేనే కడుపుల తిప్పుతున్నది."

"డాక్టరే చెప్పింది గద. రొట్టె, జాం పెట్టుమని."

"నాకు చెప్పలే. నర్సు నన్ను పర్దా వెనక బల్ల మీద పండుకోబెట్టింది. డాక్టరమ్మ అమ్మీతోనే మాట్లాడింది. రక్తం లేనోల్లకు జాం పెట్టుమనే డాక్టర్ ఉంటదా ఎక్కడన్న?"

 తౌఫీఖ్ కిటికీ దగ్గరికి పోయాడు. మలుపు దగ్గర నుంచి కృష్ణమ్మ కేక వినబడింది. పాతబస్తీ బేరం కాబట్టి ఆమె కేక కూడా ఇక్కడి ఉర్దూలోనే ఉంటుంది.

"జాం! మీఠే జాం!"

తౌఫీఖ్ గబగబా కిటికీ తలుపు మూశాడు. "కృష్ణమ్మ. అమ్మీ చెవుల పడ్తె మళ్ల షురూ అయితది."

"ఏమంటున్నది ఆమె?"

"ఏమంటది? జాం అంటున్నది."

అనేసి అక్కడే నిలబడిపోయాడు. రుక్సార్ పళ్లెం వైపు చూసింది. ఎర్రగా, జిగటగా, సీసాలోంచి తీసి పూసిన జాం. కిటికీ అవతల, గంపలో, పచ్చటి జాం. ఉర్దూలో జామకాయ పేరూ అదే.

"డాక్టరమ్మది ఏ ఊరు?" అన్నది రుక్సార్. గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది.

"వరంగల్ దిక్కు. ఎందుకు?"

"ఆమెకు మన ఉర్దూ రాదు. తెలుగులనే చెప్పి ఉంటది. వరంగల్ దిక్కు రొట్టె అంటే ఏంది?"

 చెప్తే ఏమవుతుందో అప్పుడే అర్థమైంది తౌఫీఖ్‌కు.

"జొన్న రొట్టె," అన్నాడు.

"మా షాద్‌నగర్ల గూడ అంతే. జొన్న రొట్టె తినిపియ్యి, జామ తినిపియ్యి అన్నది ఆమె. బేకరోల్లింటి ఆమెకు రొట్టె అంటె భట్టీల కాలిందే. ఆ కాయ పేరేమో ఈ ఇంట్ల చచ్చిపోయింది. ఇంక మిగిలింది సీసాల జాం." రుక్సార్‌కు నవ్వొచ్చింది. నవ్వుతుంటే ఏడుపు వచ్చింది. నెల రోజులు. నెల రోజులుగా ఒక మాట తినిపించారు ఆమెకు. అదీ తప్పు మాట.

"అమ్మీకి చెప్పద్దు," అన్నాడు తౌఫీఖ్.

"ఏంది?"

"అబ్బా ముంగట అసలే చెప్పద్దు. ఆయన గల్లీ అంత చెప్పుకున్నడు, డాక్టర్ నా రొట్టెనే రాసిచ్చింది అని. మసీదుల చెప్పిండు. అమ్మీని బతకనియ్యడు. నేనే ఎట్లనో ఒకట్ల..."

"ఎట్ల?"

తౌఫీఖ్ చేతులు చూసుకున్నాడు.

"నా రక్తం ఎనిమిది, తౌఫీఖ్. ఇంక నువ్వు ఎట్లనో ఒకట్ల అనేటాళ్లకు ఏడైతది."

అతను కిటికీ తలుపు ఇంకోసారి నెట్టి చూశాడు. రుక్సార్‌కు ఒళ్లు మండిపోయింది. పళ్లెం పట్టుకుని, గోడ ఆసరాగా మెట్లు దిగింది.

కింద ఖయ్యూం అన్నానికి కూర్చున్నాడు. మజీదా వడ్డిస్తోంది. కోడలి చేతిలో తినకుండా తెచ్చిన పళ్లెం చూసి ఇద్దరి మొహాలూ మారాయి. తౌఫీఖ్ వెనకాలే వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"అమ్మీ, ఒక్కటి అడుగుత. డాక్టరమ్మ ఆ దినం ఏమన్నదో, ఆమె అన్న మాట అన్నట్టే చెప్పుండ్రి."

"మళ్ల ఎందుకిప్పుడు?"

"ఒక్కసారి. తెలుగులనే, ఆమె అన్నట్టే."

"చెప్పు చెప్పు," అన్నాడు ఖయ్యూం ముద్ద కలుపుతూ. ఈ మాట ఎన్నిసార్లు విన్నా ఆయనకు విసుగు లేదు. "నేను గూడ వింట."

మజీదా గరిట పక్కన పెట్టి, పాఠం అప్పజెప్పినట్టు అన్నది. "పిల్లకు రక్తం తక్కువున్నదమ్మా, రోజు రొట్టె తినిపియ్యి, జామ తినిపియ్యి అన్నది. గింతే."

"జామనా? జామ్‌నా?"

"జామ..."

ఆ రెండో అక్షరం దగ్గర మజీదా ఆగింది. తెలుగు ఆమెకు పరాయి భాష కాదు. పుట్టి పెరిగింది లాల్‌దర్వాజా ఇరుకు గల్లీల్లోనే. చిన్నప్పుడు పక్కింటి పిల్లలతో కలిసి ఏ గోడలెక్కి ఏ కాయలు కోసుకుందో, వాటిని వాళ్లు ఏమని పిలిచేవాళ్లో ఆమెకు గుర్తు రాకుండా ఎలా ఉంటుంది? ఎన్నో ఏళ్లు నోటికి రానివ్వని పేరు ఇప్పుడు ఆమె నోట్లోనే ఉంది.

మజీదా రంగు పోయింది. కళ్లు రుక్సార్ మీద నిలిచాయి. ఆ కళ్లలో బెదిరింపు లేదు. చేతులు జోడించినంత దీనంగా ఉన్నాయి.

ఒక్క మాట చాలు. మామ ముందు, ఇప్పుడే, ఒక్క వాక్యం చెబితే బ్యాగు విప్పక్కర్లేదు. రుక్సార్ నోరు తెరిచింది. కాని ఎదురుగా ఉన్నది అత్తలా కనబడలేదు. ఏడవని బిడ్డను ఒళ్లో పెట్టుకున్న మనిషిలా కనబడింది. రుక్సార్ చెయ్యి తన కడుపు మీదికి పోయింది. జాలి వేసింది. మాట వెనక్కి పోయింది.

"ఏమైంది?" అన్నాడు ఖయ్యూం, ఒకరి మొహం నుంచి ఒకరి మొహానికి చూస్తూ.

ఆ సందు మజీదాకు సరిపోయింది.

"ఏం కాలే. పిల్లకు కండ్లు తిరుగుతున్నయి, మొహం చూడుండ్రి ఎట్లున్నదో. తినకపోతె తిరగవా మరి! తౌఫీఖ్, మీదికి తీస్కపో."

"అమ్మీ, నేను..."

"తీస్కపో అంటున్న గద!"

తౌఫీఖ్ భార్య భుజం పట్టుకున్నాడు. అతనికి అంతా తెలుసు. అయినా మెత్తగా, జాగ్రత్తగా, మెట్టు మెట్టుకూ ఆగుతూ పైకి తీసుకుపోయాడు. గది గుమ్మం దాకా తెచ్చి, భట్టీలో సరుకు మాడుతుందని చెప్పి దిగిపోయాడు.

మూడో జాము నమాజు కాగానే మజీదా వచ్చింది. కొంగు కింద స్టీలు పళ్లెం. పళ్లెం నిండా జామకాయ ముక్కలు. పచ్చి తొక్క, లోపల తెల్లటి గుజ్జు, మీద చిటికెడు ఉప్పు. కారం వెయ్యలేదు. ఆ కాయ కోసి ఎన్నేళ్లయిందో, ఏ రెండు ముక్కలూ ఒకేలా లేవు.

"తిను," అన్నది.

రుక్సార్ అడగలేదు, ఆలోచించలేదు. ముక్క నోట్లో పెట్టుకుంది. గింజలు పళ్ల కింద పటపటమన్నాయి. నెల రోజుల వెగటు ఒక్కసారి కడిగినట్టయింది. ఆమెకు తెలియకుండానే కన్నీళ్లు కారాయి.

మజీదా మంచం అంచున కూర్చుంది. కోడలు నమిలిన ప్రతిసారీ ఆమె గొంతు కదిలింది. ఎక్కడ దగ్గు వస్తుందోనని చూస్తోంది.

"నేను కావాల్నని చెయ్యలే, బిడ్డా."

"తెలుసు, అమ్మీ."

"డాక్టరమ్మ రొట్టె అన్నది. జామ అన్నది. రెండు కలిపి విన్న. నాకు ఇంకోటి తట్టనే లే."

"తెలుసు."

"రోజు తెస్త. ఎవ్వరికి కనవడకుండ తెస్త. గోలీకి చాయ్ ఇయ్య. జొన్న పిండి లాల్‌దర్వాజాల దొరుకుతది, నేనే రొట్టె చేసిస్త. రక్తం పెరుగుతది."

రుక్సార్ రెండో ముక్క తీసుకుంది.  ఇక అడిగితే కాదనదనిపించింది.

"పదికొస్తె పంపిస్తరు గద, అమ్మీ?"

 మజీదా లేచి, మంచం పక్కన ఉన్న బ్యాగు తీసింది. జిప్పు లాగింది. బట్టలు ఒక్కొక్కటే తీసి, మడతలు సరిచేసి, అల్మారాలో పెట్టసాగింది.

"అమ్మీ!"

"పొద్దుగాల గూడ పంపనీకి నాకు మనసున్నది, రుక్సార్. రక్తం లేదనే ఆపిన. ఇప్పుడు గట్ల కాదు." ఆమె కోడలి వైపు చూడకుండానే మాట్లాడుతోంది. "నువ్వు పోతవ్. మీ అమ్మ ఏం తిన్నవ్ బిడ్డా అని అడుగుతది. నువ్వు చెప్తవ్. ఆమె నవ్వుతది, లేకుంటె ఏడుస్తది. రొట్టె-జాం పెట్టి కోడలి రక్తం తాగిన అత్త అని మీ ఊరంత అంటది. అది ఇక్కడిదాంక వస్తది. ఆయన చెవుల పడ్తది. ఒక బిడ్డను తిన్నదన్న మాట ఇంకా నా మీద ఉన్నది. రెండోది నేను మొయ్యలేను."

"నేను చెప్పను. ఒట్టు."

"మీ అమ్మకు గూడ?"

రుక్సార్ అవునని అనాలి. అనేస్తే అయిపోతుంది. కాని పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి అమ్మ దగ్గర ఏదీ దాచలేదు. ఈ ఇంటి సంగతులన్నీ అమ్మ ఒళ్లో తల పెట్టుకుని చెప్పుకోవాలనే కదా ఇన్నాళ్లూ రోజులు తోసుకొచ్చింది. పెదవులు కదిలాయి. మాట రాలేదు.

మజీదాకు ఆ జవాబు వినిపించింది.

"ఇక్కడనే కంటవ్," అన్నది, కోడలి తల నిమురుతూ. ఆ నిమరడంలో ప్రేమ ఉంది. అదే భయంగా ఉంది. "నా కండ్ల ముంగట. నేను చూసుకుంట. నీకేం ఫికర్ లేదు."

ఖాళీ బ్యాగు చంకన పెట్టుకుని బయటికి పోయింది. తలుపు మూసుకుంది. బయటి గడియ పడిన చప్పుడు రుక్సార్ మొదటిసారి విన్నది. ఆ తలుపుకు బయట గడియ ఉందని కూడా ఆమెకు ఇంతవరకు గుర్తు లేదు.

కాసేపటికి గల్లీలో ఆటో ఆగింది. మీటరు గురించి ఆటో అతనితో గట్టిగా వాదిస్తున్న గొంతు విని రుక్సార్ మంచం మీంచి లేచింది. ఖాసింబీ ఏ ఊరు పోయినా ముందు ఆమె గొంతు చేరుతుంది, తర్వాత మనిషి.

"సలాం ఆపా! బిడ్డేది? తయారైందా? పొద్దుగూకితే బస్సులు మస్తు రష్షుంటయి."

"సలాం, సలాం, రాండ్రి. కూసోండ్రి. రుక్సార్ పండుకున్నది, ఆపా. రాత్రంత నిద్రపోలే. లేపద్దన్నది డాక్టరమ్మ."

మాటల్లోకి డాక్టరమ్మ మళ్లీ వచ్చింది. ఈసారి ఆమె నోట్లో మజీదా కావాలనే మాట పెట్టింది.

"అయ్యో, ఒక్కసారి చూసొస్త. లేపను."

"తర్వాత చూద్దురు గని. ముందు చాయ్ తాగుండ్రి. తౌఫీఖ్, అమ్మకు మంచిగ ఖారా బిస్కట్లు తే."

"సరే అమ్మీ," అన్న తౌఫీఖ్ గొంతు వినబడింది. రుక్సార్ ఆ గొంతు కోసమే చెవి ఒగ్గింది. ఆ రెండు మాటలతో అతని సంగతి తేలిపోయింది.

కిటికీ గల్లీ వైపుది. అక్కడ నుంచి అరిస్తే వీధి అంతా వింటుంది, మామ వింటాడు, అత్త బతుకు బజారున పడుతుంది. అరవకపోతే చాయ్ అవుతుంది, బిస్కట్లు అవుతాయి, పొద్దుగూకుతుంది, అమ్మ బస్సెక్కి వెళ్లిపోతుంది. కడుపులో బిడ్డ గట్టిగా తన్నింది. నోట్లో ఇంకా జామకాయ ముక్క ఉంది. రుక్సార్ దాన్ని పూర్తిగా నమిలి మింగింది.

తర్వాత స్టీలు పళ్లెం రెండు చేతులా పట్టుకుని తలుపు మీద బలంగా కొట్టింది.

కింద మాటలు ఆగిపోయాయి.

"ఏంది ఆపా, ఆ సప్పుడు?" అన్నది ఖాసింబీ.

 రుక్సార్ తలుపుకు చెవి ఆనించి నిలబడింది. ఇప్పుడన్నా అత్త నిజం చెబుతుందేమో, మెట్ల మీద అడుగులు వినబడతాయేమో, గడియ తీస్తుందేమో.

"పిల్లి, ఆపా," అన్నది మజీదా. "మిద్దె మీద ఒక పిల్లి తిరుగుతది. ఈ పిల్ల దానికి రొట్టెలేసి అలవాటు చేసింది."

ఖాసింబీ నవ్వింది. కప్పు సాసర్లో పెట్టిన చప్పుడైంది.

రుక్సార్ పళ్లెం మళ్లీ ఎత్తింది.